పదకొండు చెట్లకు హిబా నూనె

నా ఒంటి నుంచి హిబా వాసన వస్తుందని మా ఊళ్ళో అందరూ ఆటపట్టిస్తారు. వస్తే రానీ! ఇరవై మూడేళ్ళుగా తోకుమత్సు బాబాయి కోతమిల్లులో రంపపొట్టు ఎత్తిపోస్తున్నదాన్ని, నా దగ్గర అత్తరు వాసన రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది? జపాను ఉత్తరాన మా త్సుగరు అడవుల్లో పెరిగే మాను హిబా. దాని దూలాలతో ఇల్లు కడితే మూడేళ్ళు దోమ తొంగిచూడదని సామెత. నేను ఊరి స్నానశాలలో అడుగు పెట్టగానే తొట్టిలో కూర్చున్న ఆడవాళ్ళు, "హత్సుయె వచ్చింది, ఇక దోమతెరలు విప్పేయండే!" అని పకపకా నవ్వుతారు. నేనూ ఊరుకోను. "మీ మొగుళ్ళ గురక ఆపే మాను ఏదైనా ఉంటే చెప్పండి, అదీ కోసి తెస్తాను" అంటాను.

నవ్వుతారు గానీ, హిబా లేనిదే ఒక్కరికీ పూట గడవదు. బియ్యపు పెట్టెలో పురుగు పట్టకుండా దాని పేళ్ళు వేస్తారు. సోయా ముద్ద ఊరబెట్టే పీపాకి దాని మూతే కావాలి. మా మిల్లులో రంపం పన్ను తగిలి చెయ్యి తెగినవాడు మందుల షాపుకి పరిగెత్తడు, పిడికెడు పొట్టు అద్ది గుడ్డ కట్టుకుంటాడు. ఆ గాయానికి చీము పట్టగా నేను ఇన్నేళ్ళలో చూడలేదు. ఇంత తెలిసీ మేమేం చేస్తున్నాం? దూలం అమ్ముకుని, పొట్టునీ తునకల్నీ బండికెత్తి వాగు పక్కన గుట్టలుగా పారబోస్తున్నాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

ఆ సంగతి నా బుర్రకెక్కడానికి మా అన్నయ్య చెట్ల మీద చావు వచ్చి కూర్చోవలసి వచ్చింది.

మా అన్నయ్య కన్‌జిరోకి అరవై ఆపిల్ చెట్లున్నాయి. అవే ఆయన పొలం, అవే ఆయన గొప్ప. చలికాలం వస్తే ఊళ్ళో సగం మంది మగాళ్ళు టోక్యోకి సొరంగాలు తవ్వడానికి పోతారు. మా అన్నయ్య ఒక్కనాడూ పోలేదు. మంచులో నడుములోతు దిగబడి కొమ్మలు కత్తిరించుకుంటూ ఉండేవాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో రైతుసంఘం తరఫున తెగుళ్ళు చూసే మికామి గారు తోటకి వచ్చి, ఒక్కో మానూ గీకి చూసి, ఇరవై రెండు చెట్లకి ఎర్రగుడ్డ కట్టారు.

బెరడు కుళ్ళు! ఆ మాట వింటే మా వైపు పిల్లలు కూడా నోరు మూసుకుంటారు. మానుమీద బెరడు గోధుమరంగుకి తిరిగి మెత్తబడుతుంది, వేలితో నొక్కితే పుల్లని సారా వాసన కొడుతుంది. ఆ పుండు మాను చుట్టూ తిరిగొచ్చిందంటే చెట్టు పని అయిపోయినట్టే. ఎర్రగుడ్డ కట్టిన చెట్టు పూత రాలేలోగా మానకపోతే నరికి, అక్కడే కాల్చెయ్యాలి. లేకపోతే పక్క తోటలకి పాకుతుంది. అది సంఘం నియమం.

"మికామి గారూ, ఇరవై రెండు నరికితే నాకు మిగిలేది తోట కాదు, పళ్ళూడిన నోరు" అన్నాడు అన్నయ్య.

"నియమం నేను పెట్టలేదయ్యా."

"మా తాత నేర్పిన మట్టికట్టు ఉంది. కడతాను. మానుతాయి."

"కట్టండి. మానితే నాకన్నా సంతోషించేవాడు లేడు. ఇది ఒక రకం బూజు కన్‌జిరో గారూ, బెరడు లోపల్లోపలే పాకుతుంది. మట్టికి లొంగితే లొంగుతుంది, లేకపోతే లేదు. పూత నాటికి వస్తాను."

ఆయన వెళ్ళాక అన్నయ్య నా వైపు చూడకుండానే, "ఇవి పోతే నేనూ టోక్యో పోతాను. మళ్ళీ రాను. చెట్టు లేనివాడికి ఊరెందుకే?" అన్నాడు. ఆయన ఊరికే మాటలనే మనిషి కాదు. నా కాళ్ళు మంచులో చల్లబడ్డాయో, ఆ మాటకి చల్లబడ్డాయో నాకు తెలియదు.

ఇంటికొచ్చి, ఏడుపు మింగుకుని, కాల్చుకు తిందామని మోచీ పెట్టెలు దించాను. కొత్త సంవత్సరానికి దంచిన జిగురన్నం బిళ్ళలు రెండు పెట్టెల్లో ఉన్నాయి. మొదటి పెట్టె మూత తియ్యగానే పచ్చగా, నల్లగా బూజు! రెండో పెట్టె తీశాను. ఒక్క మచ్చ లేదు. తెల్లగా, పాలమీగడలా ఉన్నాయి. ఆ పెట్టె అడుగున నేనే ఎప్పుడో వేసిన హిబా పేళ్ళు ఉన్నాయి.

నేను ఆ రెండు పెట్టెలూ ముందు పెట్టుకుని నేలమీద చతికిలబడ్డాను. బూజు! మికామి గారు అన్నది బూజు అనే కదా! కాలికి చెప్పులు ఉన్నాయో లేదో చూసుకోకుండా మిల్లుకి పరిగెత్తాను.

తోకుమత్సు బాబాయి రంపం పళ్ళు పదును పెడుతున్నాడు. "ఏమిటే, ఇల్లంటుకుందా?" అన్నాడు.

"బాబాయ్, పొట్టులోంచి నూనె తియ్యాలి!"

"ముందు ఊపిరి తీసుకో. తరవాత నూనె తీద్దువుగాని."

అంతా చెప్పాను. ఆయన చెవి వెనక గోక్కున్నాడు. యుద్ధకాలంలో విమానాలకి ఇంధనం లేదని ఊరూరా పైన్ వేళ్ళు తవ్వించి నూనె తీయించారు. అప్పటి ఇనుప పీపా మిల్లు వెనక మంచుకింద ఇంకా ఉంది. "ఆ నూనెతో ఒక్క విమానమూ ఎగిరిన పాపాన పోలేదు" అన్నాడు బాబాయి, "నీ నూనెతో చెట్టు లేస్తుందా?" అంటూనే పార తీసుకుని బయల్దేరాడు. బాబాయి తిడుతూ చేస్తాడు, పొగుడుతూ ఎగ్గొట్టడు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

పీపా నిండా పొట్టు కూరి, నీళ్ళు పోసి, తునకలతోనే మంట పెట్టాం. పైనుంచి వచ్చే ఇనుప గొట్టాన్ని మంచుగుట్టలోంచి పోనిచ్చాం. మంచుకి మా దగ్గర కరువా! గంటన్నరకి గొట్టం చివర ఒక చుక్క వేలాడింది. ఆ వాసన! మిల్లులో కోత ఆపి మనుషులు బయటికొచ్చారు. ఇరవై మూడేళ్ళు పీల్చిన వాసనే, కానీ వంద దూలాలు ఒక్క చుక్కలో కూర్చున్నట్టుంది. సాయంత్రానికి సీసా నిండింది. నీళ్ళమీద తేలిన నూనె రక్తంలా ఎర్రగా ఉంది.

"ఎరుపు! ఎంత ముదురో చూశారా!" అని నేను సీసాని దీపానికి అడ్డంపెట్టి మురిసిపోయాను. అందరూ మురిశారు. ఎరుపంటే బలం అనుకున్నాం. మా వాళ్ళు శుభకార్యానికి కట్టే గుడ్డ ఎరుపు, పండిన ఆపిల్ ఎరుపు, ఇంకేం కావాలి?

మరుసటి రోజే పరీక్ష పెట్టాను. రెండు గాజు సీసాల్లో ఒక్కో మోచీ బిళ్ళ. ఒకదాంట్లో నూనె, రెండోది ఉత్తది. రెండూ పొయ్యి వెనక వెచ్చగా ఉంచాను. ఎనిమిదో రోజున చూస్తే రెండింటికీ బూజు! నూనె వేసినదాని మీద కూడా ఇంత మందాన, మెత్తగా, పిల్లి బొచ్చులా! నా ప్రాణం ఉసూరుమంది. సీసా తీసి గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. ఎవరిమీద కోపమో తెలియదు.

మా ఆయన యసుకిచి లక్కపని చేస్తాడు, గిన్నెలకీ పెట్టెలకీ పూత వేస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగే. ఆ పూట నూనె సీసా అందుకుని, వెలుతురులో తిప్పి, "దేంట్లో కాచారు?" అన్నాడు.

"పీపాలో."

"ఇనుప పీపానా?"

"మరి? బంగారు పీపాలోనా?"

ఆయన లోపలికెళ్ళి ఒక చిప్పలో లక్కచెట్టు రసం తెచ్చాడు. లేత గోధుమరంగులో ఉంది. దాంట్లో తుప్పుపట్టిన మేకు ముంచి పొయ్యి పక్కన పెట్టాడు. అన్నాలు తినేసరికి మేకు చుట్టూ నల్లగా తిరిగింది. "ఇనుము ఊరికే ఉండదు" అన్నాడు. "చెట్టు రసంలో కసరు దేంట్లో ఉంటుందో దాన్నే పట్టేసుకుంటుంది. మేం నల్లరంగు కావాలంటే కావాలనే వేస్తాం. నీ నూనె ఎర్రబడింది కదా, బలం అంతా ఇనుము లాగేసింది. ఎరుపు బలం కాదు. బలం పోయిన గుర్తు."

పెళ్ళయ్యాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా వినడం అదే. నేను లేచి గంతేశాను. "ఏవండీ, అయితే నూనె తప్పు కాదన్నమాట! పీపా తప్పు!"

"అది నువ్వే తేల్చాలి" అన్నాడు, మళ్ళీ మామూలు మనిషైపోయి.

ఇనుము తగలకుండా కాచేది మా ఇంట్లో ఏముంది? వంటింట్లో గిర్రున తిరిగి చూశాను. ఎదురుగానే ఉంది! మోచీ బియ్యం ఉడికించే చెక్క ఆవిరిపెట్టె. అడుగున వెదురు తడక, ఒక్క మేకు లేదు. కింద నీళ్ళ కుండ ఇనుమైతే ఏం, అందులోంచి ఆవిరే కదా వచ్చేది, పొట్టుకి తగలదు. పెట్టెలో పొట్టు నింపి, మధ్యలో గుంట చేసి పింగాణీ గిన్నె పెట్టాను. పైన మూతకి బదులు పచ్చళ్ళు నూరే పెద్ద పింగాణీ తొట్టి బోర్లించకుండా అలాగే కూర్చోబెట్టి, దాన్నిండా మంచు పోశాను. ఆవిరి లేచి ఆ చల్లటి అడుగుకి తగిలి, చుక్కలై జారి, గిన్నెలో పడాలి. మంచు కరిగినప్పుడల్లా తోడి కొత్తది పొయ్యాలి. మా ఆయన పలక్కుండా బయటికెళ్ళి బకెట్లతో మంచు మోసుకొచ్చాడు.

మొదటి విడతకి గిన్నె తీసి చూస్తే నీళ్ళమీద సన్నటి పొర. లేత పసుపు, వరిగడ్డి రంగు. ఎరుపు జాడే లేదు! పెట్టెడు పొట్టుకి వచ్చింది రెండు చెంచాలు. ఒక చుక్క నాలుకకి తగిలిస్తే మండింది. "మండుతోందండీ! మండుతోంది!" అని నేను ఇంట్లో తిరుగుతుంటే మా ఆయన నవ్వాడు.

ఈసారి మోచీ సీసాలు మూడు పెట్టాను. ఉత్తది, ఎర్ర నూనెది, పసుపు నూనెది. ఎనిమిది రోజులు పోయాయి. రెండింటికి బూజు. మూడోది తెలుపు! పదిహేను రోజులైంది. మూడోది ఇంకా తెలుపు! ఆ సీసా చంకన పెట్టుకుని మిల్లంతా తిరిగాను. రంపం దగ్గర ఉన్నవాళ్ళ ముక్కుల కింద పెట్టాను. బాబాయి బిళ్ళని పైకెత్తి చూసి, "ఇన్నేళ్ళూ దీన్నా వాగులో పోశాం? కొరివితో తల గోక్కున్నట్టుందే!" అన్నాడు.

ఇక మిగిలింది అన్నయ్య. అదే కష్టమని నాకు తెలుసు. అయినా నూనె సీసా, మోచీ సీసా రెండూ తీసుకుని ఎగిరెగిరి వెళ్ళాను.

"అన్నయ్యా, ఇది పూసి చూడు."

ఆయన మూత తీసి వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. "ఇది స్నానాల తొట్టి వాసన. నా చెట్లకి స్నానాలు చేయిస్తావా?"

"మోచీ చూడు, బూజు రాలేదు."

"నా చెట్లు మోచీలు కావే."

"ఒక్క చెట్టుకైనా..."

"హత్సుయె! చెట్టు కాలికింది మట్టే చెట్టుకి మందు. తాత అదే కట్టాడు, నాన్న అదే కట్టాడు. మధ్యలో నీ మిల్లు చెత్త ఏమిటి? ఇంకోసారి ఆ మాటెత్తావంటే తోటలో అడుగు పెట్టకు."

నేనూ ఆయన చెల్లెల్నే. ఆ కోపం నాకూ ఉంది. కానీ ఆ రోజు నోరు మూసుకుని, "సరేలే, మట్టి తొక్కడానికైనా రానిస్తావా?" అన్నాను. అన్నయ్య ముఖం మెత్తబడింది. "నువ్వు తొక్కకపోతే ఎవరు తొక్కుతారు?" అన్నాడు.

మట్టికట్టు అంటే ఇదీ. కుళ్ళిన బెరడు కత్తితో గీకి పారేస్తారు. ఏ చెట్టుకి పుండో ఆ చెట్టు మొదట్లోంచే మట్టి తవ్వి, నీళ్ళు పోసి, కాళ్ళతో పిండిలా తొక్కి, పుండుమీద అరచెయ్యి మందాన మెత్తి, పైన గుడ్డ చుట్టి తాడు కడతారు. గీకడం, కట్టడం మగవాళ్ళ పని. తొక్కడం ఇంటి ఆడపడుచు పని. ఏప్రిల్ మొదట్లో, మంచు కరిగి మట్టి కనిపించిన మొదటి వారంలోనే ముగించాలి, చెట్టులో రసం పైకి లేవకముందే.

మార్చి అంతా మిల్లు పని అయ్యాక నూనె తీస్తూనే ఉన్నాను. ఒక్క ఆవిరిపెట్టె, ఒక్కదాన్ని. ఎంత తీసినా తొట్టిలో కొలిస్తే పదకొండు చెట్లకే వచ్చింది. ఉన్నవి ఇరవై రెండు. ఎవరికి పెట్టాలి? నాకు అన్నం సహించలేదు. చివరికి బాగా చెడిపోయినవాటికి పెట్టాను. పుండు మాను చుట్టూ ముప్పాతిక తిరిగినవి, అన్నయ్య కూడా లోలోపల వదులుకున్నవి. తక్కినవి మట్టితోనే బతుకుతాయని నమ్మాను.

పని సులువుగా అయిపోయింది. అన్నయ్య చెట్టు దగ్గర గీకుతుంటాడు. నేను ఇవతల మట్టి తొక్కుతూ, నడుముకి కట్టుకున్న సీసాలోంచి ఆయనకి కనపడకుండా నూనె వంపుతాను. వాసన గుప్పుమంటుంది! అన్నయ్య తలెత్తి, ముక్కు ఎగబీల్చి, "అబ్బ, దూరంగా నిలబడవే, నీ మిల్లు కంపుతో తలనొప్పొస్తోంది" అంటాడు. మళ్ళీ తల దించుకుంటాడు. పదకొండు చెట్లకీ పదకొండు సార్లు అదే తిట్టు తిన్నాను. ఏ తిట్టూ అంత తియ్యగా లేదు.

మే మధ్యలో పూత విచ్చుకుంది. ఇవాకి కొండ ఇంకా తెల్లగా ఉంది, కింద తోటలూ తెల్లగా ఉన్నాయి. మికామి గారు వచ్చారు. వెనక ఇద్దరు మనుషులు, చేతిలో యంత్రపు రంపం. బాబాయి, మా ఆయన కూడా తోటకి వచ్చారు. అన్నయ్య మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళి తాడు కోశాడు. తక్కువ పుండు ఉన్న చెట్టు అది, ఆయన ఆశంతా దానిమీదే. మట్టి రాల్చి చూస్తే పుండు అంచు ఇంకో నాలుగు వేళ్ళు పాకింది. సారా వాసన ముఖాన కొట్టింది.

రెండోది విప్పారు, అదీ అంతే. మూడోది చాలావరకు ఆగింది. నాలుగోది పాకింది. అయిదోది దారి మలుపులో ఉన్న ముసలి చెట్టు. ముప్పాతిక చుట్టూ చచ్చింది. "దీన్ని విప్పక్కర్లేదు" అన్నాడు అన్నయ్య. "కొట్టెయ్యండి."

"విప్పు అన్నయ్యా!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

విప్పాడు. మట్టి పెళ్ళ ఊడి కిందపడింది. లోపల పుండు ఎండి గట్టిపడి ఉంది. దాని చుట్టూ, పైనా కిందా, కొత్త బెరడు లేతగా, పచ్చిగా, పెదవిలా ఉబ్బి లోపలికి మడుచుకుని వస్తోంది! అన్నయ్య దాన్ని వేలితో తాకి చూశాడు. మళ్ళీ తాకాడు. తరవాత లేచి, పరుగున వెళ్ళి ఇంకో చెడ్డ చెట్టు తాడు కోశాడు. అదీ మానుతోంది! ఇంకోటి! అదీ! మికామి గారి మనుషులు రంపం కిందపెట్టి వెంట పరిగెత్తారు. నేను నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకున్నాను, లేకపోతే కేక వేసేదాన్ని.

అన్నీ విప్పేసరికి లెక్క తేలింది. పదకొండు బాగా చెడినవాటిలో పదకొండూ మానుతున్నాయి. తక్కువ చెడిన పదకొండింటిలో నాలుగు ఆగాయి, ఏడు పాకాయి.

"ఇదేం విడ్డూరం!" అన్నాడు అన్నయ్య. "చావాల్సినవి బతికాయి. బతకాల్సినవి చస్తున్నాయి."

మికామి గారు కిందపడిన మట్టిపెళ్ళ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కన్‌జిరో గారూ, ఈ మట్టికి ఏదో వాసన ఉంది."

"మా చెల్లెలు పక్కనే ఉందిగా. దాని వాసన."

"ఆవిడ మీ వెనక ఉన్నారు, గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. ఇది ఈ మట్టిదే."

అన్నయ్య పెళ్ళ లాక్కుని వాసన చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు. చెప్పేశాను. పీపా, ఎరుపు, మోచీ, ఆవిరిపెట్టె, నడుముకి కట్టిన సీసా, అన్నీ ఒక్క ఊపిరిలో. కొడతాడేమో అనుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి ఈ ఏడింటికీ ఎందుకు పెట్టలేదే? ఇవి మాత్రం నా చెట్లు కావా?"

"సరిపోలేదు అన్నయ్యా. ఒక్క పెట్టె, ఒక్కదాన్ని. నువ్వు సరేనని ఉంటే..." అని ఆగిపోయాను.

ఆయన ఆ ఏడు చెట్ల వైపు చూశాడు. "నేను సరేనని ఉంటే ఊరందరి పెట్టెలూ అడిగేవాణ్ణి" అన్నాడు మెల్లగా. ఒక్కసారి మికామి గారి వైపు తిరిగి, "పూత రాలేలోగా అన్నారు కదా? ఇవాళే కదా విచ్చింది! రాలడానికి ఇంకా ఎన్నాళ్ళు?" అని అరిచాడు.

"వాన పడకపోతే ఆరు రోజులు."

"ఆరు రోజులు ఇవ్వండి! మళ్ళీ గీకి, నూనెమట్టి కడతాను. అప్పుడు కూడా అంచు పాకితే నేనే కొడతాను."

"ఆరు రోజుల్లో పుండు మానదండీ."

"మానక్కర్లేదు. ఆగితే చాలు. ఆగిందో లేదో అంచున గీత గీసి చూద్దాం."

మికామి గారు పెళ్ళని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నారు. "సరే. గీత గీయండి" అన్నారు. మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ ఆరు రోజులు! నా జీవితంలో మళ్ళీ అలాంటివి రాలేదు. అన్నయ్య ఇంటింటికీ తిరిగాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి, గుమ్మాల్లో నిలబడి ఆవిరిపెట్టెలు అడిగాడు. సాయంత్రానికి మిల్లు ముందు పంతొమ్మిది చేరాయి! స్నానశాలలో నన్ను ఆటపట్టించే ఆడవాళ్ళే పొట్టు మోశారు, మంట పెట్టారు, పింగాణీ తొట్లు తెచ్చారు. మేలో మంచెక్కడ? మా ఆయన, బాబాయి ఇవాకి కొండ లోయల్లోకి ట్రాక్టరు తోలి, గోనెల్లో తవ్వి తెచ్చారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా మిల్లు పైన ఆవిరి మబ్బులా లేచింది. మూడు ఊళ్ళ అవతలికి వాసన వెళ్ళిందని చెప్పారు. ఎక్కడో ఒకామె మిల్లు తగలబడుతోందనుకుని బకెట్లతో పరిగెత్తుకొచ్చింది. ఆమెకీ ఒక పొయ్యి అప్పజెప్పాం.

మట్టి నేనే తొక్కాను. ఈసారి అన్నయ్య పక్కన నిలబడి స్వయంగా నూనె వంపాడు. "చాలా? ఇంకా పొయ్యనా?" అని అడుగుతూనే ఉన్నాడు, పసిపిల్లకి పాలు పడుతున్నట్టు.

ఆరో రోజు పొద్దున రేకులు రాలడం మొదలైంది. మేం తోటలో నిలబడ్డాం. కట్లు పక్కకి జరిపి గీతలు చూశాం. ఏడింటిలో రెండు దాటాయి. అయిదు దాటలేదు. ఆ అయిదూ గీసిన చోటే ఆగి ఉన్నాయి. అన్నయ్య గొడ్డలి తెచ్చి ఆ రెండింటినీ తనే కొట్టాడు. మేం ఎవరం సాయం వెళ్ళలేదు, ఆయన రానివ్వలేదు. తరవాత మిగిలిన ఇరవై చెట్ల ఎర్రగుడ్డలు విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మికామి గారికి తిరిగి ఇవ్వాలని.

మికామి గారు దారిలో ఒంటరిగా కనిపించారు. మనుషులు లేరు, రంపం లేదు. వీపు మీద ఏదో బరువు కట్టుకుని ఉన్నారు. దగ్గరికొచ్చాక చూస్తే పాత చెక్క ఆవిరిపెట్టె. కొసలన్నీ అరిగి, అడుగున వెదురు తడక నల్లబడి ఉంది.

అన్నయ్య గుడ్డలు చాపి, "ఇరవై నిలిచాయి. రెండు కొట్టాను" అన్నాడు.

ఆయన తల ఊపారు. గుడ్డలు తీసుకోలేదు. పెట్టె దించి నా ముందు పెట్టారు.

"మా తోటలో పద్నాలుగు చెట్లకి ఎర్రగుడ్డ కట్టుకున్నానమ్మా. ఊరికి చెప్పేవాణ్ణి, ముందు నాది నరక్కపోతే ఎవరు వింటారు? పూత కూడా రానివ్వకుండా పోయిన నెల్లోనే కొట్టి కాల్చేశాను. పద్నాలుగూ." ఆయన పెట్టె అంచు తుడిచారు. "ఈ చుట్టుపక్కల నేను గుడ్డ కట్టినవి ఇంకా నూట ముప్పై చెట్లున్నాయి. సంఘంతో మాట్లాడి గడువు అడిగాను. ఇచ్చారు."

అన్నయ్య వంగి ఆ పెట్టె అందుకుని మిల్లు వైపు నడిచాడు. మికామి గారు ఆయన వెనకే వచ్చారు, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. పొట్టు గుట్ట దగ్గర ఆగి నన్ను అడిగారు.

"ఎంత వెయ్యాలి?"

"అంచుదాకా వెయ్యండి" అన్నాను. "కానీ అదిమి పెట్టకండి. ఆవిరికి దారుండాలి."